మొగ్గ విచ్చేదాకా

జనగామలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే వెంకట్రాజం కోడలు మాధవీలతకు సర్కారు బడిలో టీచరుద్యోగం వచ్చింది. గూడూరులో జీవశాస్త్రం చెప్పాలి. రేపు సాయంత్రం ఐదులోపు వెళ్లి చేరకపోతే ఉద్యోగం చేజారినట్టే. వేలమందితో పోటీపడి గెలిచిన మనిషి ఇంట్లోంచి కదలలేకపోతోంది. అడ్డుపడింది మనిషి కాదు, మొగ్గ.

పెరట్లో సొట్టపోయిన బకెట్లో పెరుగుతున్న బ్రహ్మకమలానికి మూడు వారాల కింద మొగ్గ పడింది. అది విచ్చేదాకా మాధవీలత గడప దాటకూడదు. దాటితే ఇంటి లక్ష్మి ఆమె వెంటే వెళ్లిపోతుంది. ఇది ఆ ఇంటి ఆచారం.

ఆచారమంటే తాతల నాటిదనుకునేరు! దాని వయసు ఆరేళ్లు. పుట్టించింది సాక్షాత్తు మాధవీలతే.

ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడాది భూపాలపల్లిలో మామగారి అక్క ఇంట్లో పెళ్లి. పది రోజుల ముందే వెళ్లి వంటింట్లో పడాలి. ఆ ముసలమ్మ నోటికి ఊరంతా జడుస్తుంది. ఎలా తప్పించుకోవాలా అని చూస్తుంటే, తల్లిగారింటి నుంచి తెచ్చి నాటిన మొక్కకు మొగ్గ కనిపించింది. నోటికొచ్చింది చెప్పేసింది.

"మా అమ్మగారింట్ల మొగ్గ పడితే నాటినోళ్లు గడప దాటరు అత్తమ్మా. దాటితే లక్ష్మి ఎంబడి పోతదంట."

వ్యాపారం చేసుకునే ఇంట్లో లక్ష్మి పోతుందంటే ఇంకో మాటుంటుందా? అత్త కౌసల్య అప్పటికప్పుడే ప్రయాణం మాన్పించింది. మాధవీలత లోపలికి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఆ నవ్వుకు ఆరేళ్లుగా ఏడుస్తోంది. ఆ మొక్క మహాతల్లి ఏడాదికి మూడు నాలుగు విడతలు పూస్తుంది. విడతకు మూడు నాలుగు వారాలు జైలు. సొంత తమ్ముడి పెళ్లి ఫోన్లో చూసింది. టీచరు పరీక్ష నాడు మొక్కకు మొగ్గ లేకపోవడం ఆమె చేసుకున్న పుణ్యం. పైగా కౌసల్యది పెద్ద చెయ్యి. అడిగినవాళ్లకల్లా ఆకు తుంచి ఇచ్చేది, ఆకుతో పాటు ఆచారమూ ఇచ్చేది. ఇప్పుడు ఆ వీధిలో ఏడిళ్లలో ఆ మొక్క ఉంది. ఏడిళ్లలోనూ కోడళ్ల చేతే నాటించారు.

మాధవీలతకు అది కమలం కాదని తెలుసు. జెముడు జాతి మొక్క. ఎక్కడో మబ్బులు కమ్ముకునే అడవుల్లో చెట్ల కొమ్మలు పట్టుకుని బతుకుతుంది. నేలతోనే పనిలేని మొక్క తనను గడపకు కట్టేసిందని తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండేది. ఎవరిని తిడుతుంది?

ఆ సాయంత్రం మొగ్గ మెడ పైకెత్తింది.

"ఈ రాత్రికి ఇచ్చుకుంటదిలే. పొద్దుగాల రైలుబండికి పోదువు," అన్నాడు భర్త సాయితేజ.

వీధిలోని ఆడవాళ్లు హారతి పళ్లేలతో, ఫోన్లతో వచ్చి కూచున్నారు. తొమ్మిదైంది. పదకొండైంది. మొగ్గ మూతి బిగించుకునే ఉంది. ఆవలిస్తూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

"రేపు ఇచ్చుకుంటది. ఒక్కరోజుకు ఏమైతది?" అంది కౌసల్య.

"రేపే ఆఖరు అత్తమ్మా." మాధవీలత ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "గీ ఆచారం ఉత్తదే. భూపాలపల్లికి పోవుడు ఇష్టం లేక నేనే కల్పించిన. మా అమ్మగారింట్ల గసొంటిది ఏం లేదు. నన్ను మాఫ్ చేయుండ్రి."

కౌసల్య ఆమె తల నిమిరింది. "నౌకరి కోసం లక్ష్మి మీద అబద్ధం చెప్తున్నవా బిడ్డా? తప్పు. కండ్లు పోతయ్."

అబద్ధం చెప్పిన రోజు ఇట్టే నమ్మింది. నిజం చెప్పిన రోజు నమ్మలేదు. సాయితేజ వైపు చూస్తే అతను నేలచూపులు చూశాడు. అంతటితో ఆగలేదు కౌసల్య. చాప తెచ్చి గడపకు అడ్డంగా పరుచుకుని పడుకుంది. పెద్దవాళ్లను దాటిపోకూడదు కదా.

మాధవీలత కంటిమీద కునుకు లేకుండా తెల్లవార్చింది. ఐదింటికి స్నానం చేసి, కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చి చాప పక్కన నిలబడింది.

"లేవుండ్రి అత్తమ్మా. మిమ్మల్ని దాటిపోయే పాపం నాకు పెట్టకుండ్రి."

కౌసల్య కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు. చాలాసేపటికి అత్త మోకాళ్లు దగ్గరికి ముడుచుకుంది. ఒక మనిషి పట్టేంత సందు ఏర్పడింది. మాధవీలత ఆ సందులోంచి బయటపడింది.

వీధి చివరి ఇంటి కోడలు కల్యాణి గడప లోపల నిలబడి పాలవాడి కోసం చూస్తోంది. వాళ్ల మొక్కకూ మొగ్గ పడి వారమైంది.

"అక్కా! మీ మొగ్గ ఇంక ఇచ్చుకోలే. గట్లెట్ల పోతున్నవు?"

"ఏం కాదు కల్యాణీ." గుండెల మీది బండ దిగినట్టుంది మాధవీలతకు. నవ్వొచ్చింది కూడా. "గది ఆచారం కాదు, పాడు కాదు. ఓ పెండ్లికి పోవుడు తప్పిచ్చుకునేటందుకు నేనే పుట్టిచ్చిన. నువ్వు గూడ యాడికన్న పో!"

కల్యాణి నవ్వలేదు.

"నిజమేనా?"

"నిజం."

"పోయిన శ్రావణంల మా అమ్మ వరంగల్ దవాఖానల ఉండె. నన్ను సూడాలని ఒకటే కలవరిస్తున్నదని మా నాయిన ఫోన్ చేసిండు. మొగ్గ ఇచ్చుకున్నంక పోదువని ఆపిండ్రు. నాలుగు దినాలు ఆగిన. పూసిన తెల్లారి బస్సెక్కిన. ఘన్‌పూర్ దాటంగ ఫోనొచ్చింది."

మాధవీలత చేతిలోంచి సంచి జారి నేలమీద పడింది. వీధి అవతలి స్టేషన్లో బండి వస్తోందని మైకు చెబుతోంది.

కల్యాణి గడప దాటి వచ్చింది. సంచి తీసి, దుమ్ము దులిపి, ఆమె చేతిలో పెట్టింది.

"పో అక్కా. నువ్వన్న టైంకు చేరుకో."