బాడీని హాజరుపరచండి

అతన్ని పట్టుకెళ్లడం మేమంతా చూశాం. దొంగచాటుగా ఏమీ కాదు. పట్టపగలు, తోళ్ల కార్ఖానాలో, సున్నపు గుంత అంచున నిలబడి పచ్చి తోళ్లు తిరగేస్తుండగా పట్టుకున్నారు. మోచేతుల దాకా సున్నం. కడుక్కుని వస్తానన్నాడు, కడుక్కోనివ్వలేదు. మా అందరికంటే ఒక తల ఎత్తు ఎక్కువని అతన్ని పొడుగోడు అనేవాళ్లం. ఆ పొడుగును మెడ వంచి జీపులో కుక్కారు.

అతని నేరమేమిటో చెబుతా వినండి, తమ్ముళ్లూ. మురుగు గుంతలోకి దిగిన ఇద్దరు కూలీలు ఆ విషపు గాలికి ఊపిరాడక చచ్చిపోయారు. శవాలు తీసిన మర్నాడే యజమాని మళ్లీ దిగమన్నాడు. ఆ గాలి తగలకుండా ముసుగులిస్తే తప్ప ఎవరం దిగమని పొడుగోడు ఆ గుంత పని ఆపించాడు. రెండు చావులకు రాని జీపు ఆ ఒక్క మాటకు పరుగెత్తుకొచ్చింది.

మేం స్టేషన్‌కు వెళితే, అలాంటి మనిషిని తేనేలేదన్నాడు ఇన్‌స్పెక్టర్. వాడి చొక్కా మీద సున్నపు మరక ఇంకా తడిగానే ఉంది. మేం చూశాం, వాడూ చూసుకున్నాడు. అయినా తేలేదనే అన్నాడు. అబద్ధాన్ని దాచుకునే కష్టం కూడా పడలేదు.

మా కూలీల సంఘం గదికి లాయరమ్మ వచ్చింది. మా ఒంటి కంపుకు కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. ఆవిడ మూసుకోలేదు, అందుకే మాకు నచ్చింది. రాజ్యాంగం తెరిచి, ఏ వ్యక్తిని పట్టుకున్నా ఒక్క రోజులోగా జడ్జి ముందు నిలబెట్టాలని చదివింది.

తోళ్లు గీకే బల్ల దగ్గరే ముసలివాడైపోయిన తాత నవ్వాడు. "ఈ హక్కు ఎవరిచ్చారమ్మా? పెద్దోళ్లకు జాలేసిందా?"

ఎవరూ ఇవ్వలేదు, గుంజుకున్నారు అంది లాయరమ్మ. వందల ఏళ్ల కిందట ఒక దేశంలో రాజు తోచినవాణ్ణి తోచినట్టు ఖైదులో వేసేవాడట. చివరికి అతని దొరలే కత్తులు పట్టుకుని చుట్టుముట్టి, స్వతంత్రుడైన ఏ మనిషినీ చట్టం లేకుండా పట్టుకోనని కాగితం మీద ముద్ర వేయించుకున్నారట. అందులో మనలాంటివాళ్లు ఉన్నారా అని తాత అడిగాడు. లేరంది. దొరల భూమికి కట్టుబడిన కూలీలు స్వతంత్రుల కింద లెక్క కాదట. ఎంతో కాలానికి ఇంకో దేశంలో జనం ఖైదు బద్దలుకొట్టి, పుట్టుకతో మనుషులంతా సమానమని రాసుకున్నారు. ఆ రాతలో ఆడవాళ్లకు చోటు లేదు, బానిసలకూ లేదు. ప్రతిసారీ బయట మిగిలిపోయినవాళ్లు మళ్లీ తలుపు తన్నారు, తన్నిన చోటే చచ్చారు. మన రాజ్యాంగం రాసినవాళ్లు ఆ పాత కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. దొర అనలేదు, మగవాడు అనలేదు. ఏ వ్యక్తినైనా అని రాశారు.

"ఆ ఒక్క మాటలోకి మీరు రావడానికి అంత రక్తం పోయింది" అంది లాయరమ్మ.

పొడుగోడి భార్యను మేమంతా వదినా అనే పిలుస్తాం. అంతసేపూ గోడకానుకుని కూర్చున్న వదిన తలెత్తింది. అయితే ఆ మాటతోనే మా ఆయన్ను తెప్పించు అంది.

లాయరమ్మ పిటిషన్ రాసి చదివి వినిపించింది. 'బాడీని హాజరుపరచండి' అన్న చోట వదిన ఆపింది.

"ఆ మాట మార్చమ్మా. మా ఇళ్లకు బాడీ వచ్చిందంటే ఏడవడానికే. మనిషి అని రాయి."

అది పాత చట్టాల నుంచి వచ్చిన మాట, ప్రాణంతో ఉన్న మనిషినే అలా అంటారు, భయపడొద్దంది లాయరమ్మ. జడ్జి కూడా అదే మాటతో ఆర్డర్ ఇచ్చాడు: రేపు ఉదయం బాడీని హాజరుపరచండి.

మర్నాడు పని మానేసి అందరం కోర్టుకు వెళ్లాం. వదిన ఉతికిన చొక్కా తెచ్చింది. జడ్జిగారి ముందు కాస్త వంగి నిలబడమను, ఫ్యానుకు తల తగులుతుంది అని తాత వేళాకోళం చేస్తే వదిన కూడా నవ్వింది. ఆమె నవ్వగా మేం చూసింది అదే చివరిసారి.

పోలీసు వ్యాను వెనక తలుపు తెరుచుకుంది. ముందు పాదాలు కనిపించాయి. స్ట్రెచర్ చాలక బయటికి వేలాడుతున్నాయి. ముఖం చూడక్కర్లేకపోయింది.

"ఆర్డర్‌లో బాడీ అనే ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తెచ్చాం."

వాడు నవ్వాడు, తమ్ముళ్లూ. నేను బతికున్నంతకాలం ఆ నవ్వును క్షమించను. పొడుగోడి చేతుల మీద సున్నం అలాగే ఎండిపోయి, చర్మం నెర్రెలిచ్చి ఉంది. చనిపోయేదాకా కడుక్కోనివ్వలేదన్నమాట. వేళ్లలో ఒక్కటి కూడా ఉండాల్సిన వైపుకు లేదు.

వదిన ఏడవలేదు. చొక్కా తొడగబోయింది, చేతులు వంగలేదు. మీద కప్పి, "ఎత్తండి" అంది. ఎత్తాం. బంట్రోతులను తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లి, జడ్జి బల్ల ముందు దించాం.

మనిషి లేడు కాబట్టి కేసు ముగిసింది, బయటికి తీసుకెళ్లండి అన్నాడు జడ్జి.

"ముగియలేదయ్యా" అంది వదిన. "బాడీని తెమ్మన్నారు, తెచ్చాం. ఏ నేరానికి పట్టుకున్నారో ఇప్పుడు అడగండి. మీ పుస్తకంలో ఏ వ్యక్తినైనా అని ఉంది. బతికుంటేనే అని లేదు."

జడ్జి లేచి వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు. ముందు తలుపు గుండా లాఠీలొచ్చాయి. లాయరమ్మ పొడుగోడి తల దగ్గర నిలబడి దెబ్బలు తన మీద వేయించుకుంది. ఇన్‌స్పెక్టర్ వదినను జుట్టు పట్టుకుని వ్యానులోకి ఈడ్చాడు. అప్పుడు తాత, ఎవరూ పిలవకుండానే, వెళ్లి వ్యానెక్కాడు.

"ఆవిడతో పాటు నన్నూ హాజరుపరచాలి సార్" అన్నాడు. "నేనూ వ్యక్తినే."

ఒకరి వెనక ఒకరం ఎక్కాం. వ్యానులో అందరం పట్టలేదు. మిగిలినవాళ్లు వెనకాలే నడిచి స్టేషన్‌కు వచ్చి, మమ్మల్నీ పట్టుకోండని గేటు ముందు కూర్చున్నారు. గోడ అవతల వినిపిస్తున్న గోల వాళ్లదే.

వదిననూ మమ్మల్నీ తెచ్చి ఒక రోజు దాటిపోయింది. ఇంకా ఏ జడ్జికీ చూపించలేదు. ముసుగులడిగి ఈ లాకప్పుకు వచ్చాం. మా కోసం నినాదాలిచ్చి విద్యార్థులు మీరూ వచ్చారు. దెబ్బలు తగిలినచోట తడిగుడ్డ పెట్టుకోండి. కాసేపట్లో వాళ్లొచ్చి ఎవరో ఒకరి పేరు పిలుస్తారు. ఎవరి పేరు పిలిచినా అందరం లేవాలి. పొడుగోణ్ణి మేం ఒంటరిగా వెళ్లనిచ్చాం.