మార్గం: నోరు

పదకొండో కాగితపు పట్టీని ఆంజనేయప్రసాద్ ముక్కు దగ్గరకు తెచ్చుకుని, రెండుసార్లు చిన్నగా పీల్చి దించేశాడు. కాచిన వెన్న వాసన. దాని వెనక కాస్త పాలకోవా, ఇంకా వెనక ఏదో ఘాటు. పట్టీ చివర పెన్సిల్‌తో నంబరు వేసి, బల్ల మీది స్టీలు గ్లాసులో మిగతా పదింటి పక్కన నిలబెట్టాడు. ఆ గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకున్నదే. ప్లాస్టిక్ కప్పుకు సొంత వాసన ఉంటుందని అతని ఫిర్యాదు.

గోడ అవతల మళ్ళీ దగ్గు. పొడి దగ్గు, మూడు విడతలుగా వచ్చి ఆగింది. అతను కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఇలా లేవడం ఇది ఏడోసారి.

అరవై మూడేళ్ళ మనిషి. సన్నటి ఒళ్ళు, మోచేతుల దగ్గర పలచబడిన బూడిదరంగు స్వెటర్, ఆ మొహంలో చెప్పుకోదగ్గది ముక్కొక్కటే. ఇర్వింగ్ ఊళ్ళో హైవే పక్కన గోడౌన్లలా వరసగా ఉన్న బిల్డింగుల్లో ఒకదానిలో ఉంది ఆ చిన్న ఫ్లేవర్ కంపెనీ. బిస్కట్‌కు వెన్న వాసన, జ్యూస్‌కు మామిడి వాసన, చిప్స్‌కు వేయించిన ఉల్లి వాసన అక్కడే తయారవుతాయి. వాసనిచ్చే ఒక్కో రసాయనం గురించీ, మనిషి రోజుకు ఎంత తింటాడు, తింటే ఒంట్లో ఏమవుతుంది అని లెక్కగట్టి, పరవాలేదనో వద్దనో రాసి సంతకం పెట్టడం ప్రసాద్ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పార్టీల్లో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "ఫుడ్ సేఫ్టీ" అనేవాడు. వాళ్ళు వెంటనే, "అయితే ఏ రెస్టారెంట్ నీట్‌గా ఉంటుందో చెప్పండి" అనేవారు. అతను నవ్వి ప్లేటు పట్టుకుని పక్కకు తప్పుకునేవాడు.

ఈ ఉద్యోగం కోసం అతనికంటే ఎక్కువ త్యాగం చేసింది అతని భార్య కృష్ణకుమారి. ముక్కు మొద్దుబారుతుందని సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ ఇంట్లో పప్పులో ఇంగువ పడదు. శనాదివారాల్లో మాత్రం రెండింతలు వేసి కసి తీర్చుకుంటుంది. కంపెనీకి రెండేళ్ళుగా కొలరాడో నుంచి కొత్త రకం కస్టమర్లు వస్తున్నారని ఆవిడకు తెలుసు గానీ, వాళ్ళు చేసేది గంజాయి సరుకని అతను చెప్పలేదు. "మొక్కల ప్రాడక్ట్స్" అన్నాడు. అబద్ధమేమీ కాదు కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

పదిన్నరకి చక్రధర్ ఒక లావుపాటి ఫైలుతో గదిలోకి వచ్చాడు. మేనేజరు. నలభై దాటలేదు, ఫ్రిస్కో నుంచి రోజూ గంట డ్రైవ్ చేసి వస్తాడు, ఎప్పుడూ సగం మీటింగులో ఉన్నట్టే ఉంటాడు.

"ప్రసాద్ గారూ, బటర్ కుకీ ఫ్లేవర్ ఒక్కటే మిగిలిందండీ. పైన కవర్ పేజీ మీద మీరు సైన్ చేస్తే ఫైల్ క్లోజ్. కొలరాడో వాళ్ళు ఈవెనింగ్‌కి అడుగుతున్నారు."

"నమిలే గమ్మీలకేనా?"

"గమ్మీలు అయిపోయాయి కదండీ. ఇది కార్ట్రిడ్జ్‌కి. వేప్." పెదవుల మధ్య పెన్ను పెట్టుకుని సిగరెట్‌లా పీల్చినట్టు చూపించి, ఫోన్ మోగితే బయటికి వెళ్ళిపోయాడు.

ప్రసాద్ ఫైలు తెరిచాడు. ఒక్కో రసాయనానికి ఒక్కో పేజీ, ప్రతి పేజీ కిందా తన సంతకం. నలభై ఒకటి ఉన్నాయి. అన్నిటిలోనూ ఒకే వాక్యం: ఉద్దేశించిన వాడుకకు సురక్షితం. చదువుతూ ఉంటే ఏదో లోపించినట్టు అనిపించింది. నాలుగో పేజీకి అదేమిటో తెలిసింది. వెనక్కి తిప్పి మొదటి మూడూ మళ్ళీ చూశాడు.

అతని పాత రిపోర్టుల్లో ప్రతిదానిలో రెండో వరస "మార్గం: నోరు" అని ఉండేది. అంటే ఇది తినడానికి చూసిన లెక్క అని. రెండేళ్ళ క్రితం చక్రధర్ అన్నిటినీ ఒక్కో పేజీకి కుదించమన్నాడు. సంతకం రెండో పేజీలోకి జారిపోతోందని ప్రసాద్ ఆ వరస తీసేశాడు. ఎవరూ చెప్పలేదు, తనే తీసేశాడు. ఫ్లేవరన్నాక తినడానికి కాక ఇంకెందుకు, అందరికీ తెలిసిందే కదా అనుకున్నాడు.

కడుపులోకి వెళ్ళినదాన్ని వడకట్టడానికి కాలేయం ఉంది. ఊపిరితిత్తులకు అలాంటి కాపలా లేదు. ఇదే వెన్న వాసన ఆవిర్లు పీల్చి పాప్‌కార్న్ కార్ఖానాల్లో మనుషులు ఊపిరి పోగొట్టుకున్న సంగతి ఈ రంగంలో ఉన్నవాళ్ళందరూ చదివిందే. ఇప్పుడు వాడుతున్నది దాని బదులు వచ్చిన తోబుట్టువు. తింటే పరవాలేదు. వేడిచేసి పీలిస్తే పరవాలేదని ప్రసాద్ ఏనాడూ చూడలేదు. కాగితం మాత్రం చూశాడనే చెబుతోంది.

మళ్ళీ దగ్గు వినబడింది. ఈసారి అతను కూర్చోలేదు.

ల్యాబ్‌లో ఇంద్రజ తూకం వేస్తోంది. వరంగల్ అమ్మాయి, వచ్చి ఏడాదిన్నర, వీసా కాగితాలు కంపెనీ చేతిలో ఉన్నాయి. బల్ల మీద గోరువెచ్చని గిన్నెలో వెన్న రంగు ద్రవం, ఆమె మొహం సరిగ్గా దాని మీద. వెనకే ఆవిర్లు లాగే హుడ్ ఉంది. దాని నిండా ఖాళీ అట్టపెట్టెలు.

"హుడ్‌లో పెట్టుకోలేదేమ్మా?"

"ఫుడ్ ఫ్లేవరే కద సార్. షీట్ మీద సేఫ్ అనుంది. ఓపెన్ బెంచ్ చాలన్నరు." షీట్ అంటే అతని పేజీయే. గోడకు టేపుతో అంటించి ఉంది.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం లేదు సార్. సీడర్ పుప్పొడి అలర్జీ. జనవరిల అందరికీ ఉంటదంట గద." నవ్వబోయి దగ్గింది. "వీకెండ్‌ల మంచిగనే ఉంటది. మండే మళ్ల స్టార్టయితది."

సీడర్ చెట్లకు శనాదివారాలు సెలవులుండవు.  ప్రసాద్ గోడ మీది తన సంతకం వైపు చూశాడు. అది తండ్రి దగ్గర నేర్చుకున్న గుండ్రటి సంతకం, చివర రెండు చుక్కలతో. మూడు వారాలుగా ఆ దగ్గు వింటూ, పట్టీలు వాసన చూసుకుంటూ కూర్చున్నాడు. 

"దాని మీద మూత పెట్టు. ముందు బయటికెళ్ళి గాలి పీల్చుకో. రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్ళు, పని చేసే చోటే దగ్గొస్తోందని చెప్పు. ఆ మాట తప్పకుండా చెప్పు."

"సార్, చక్రధర్ సార్ ఏమంటరో..."

"నేను మాట్లాడతాను."

తన గదికి తిరిగొచ్చాడు. అరవై అయిదేళ్ళకొచ్చే గవర్నమెంటు ఇన్సూరెన్సు, మెడికేర్, రావడానికి ఇంకా రెండేళ్ళుంది. అందాకా ఇద్దరి మందులూ ఈ ఉద్యోగం ఇన్సూరెన్సు మీదే. కిటికీ దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ నడిచాడు. బయట హైవే మీద కార్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. లంచ్ డబ్బా తెరిచి మూసేశాడు. చివరికి కంప్యూటర్ ముందు కూర్చుని మొదటి పేజీ తెరిచి, పోయిన చోటే ఆ వరస తిరిగి చేర్చాడు: మార్గం: నోరు మాత్రమే. పీల్చడానికి పరీక్షించలేదు. ప్రింట్ తీసి సంతకం పెట్టాడు. రెండోది తెరిచాడు. సంతకం రెండో పేజీలోకి జారిపోయింది. పోనీ అనుకున్నాడు.

మూడున్నరకి నలభై ఒకటీ అయ్యాయి. పాతవి రద్దు, ఇవే చెల్లుతాయి, వేప్‌లో వీటిని వాడొద్దు అని నాలుగు ముక్కలు రాసి కొలరాడో కంపెనీకీ, చక్రధర్‌కీ ఒకేసారి పంపాడు. ముందు చక్రధర్‌ని అడిగితే తను మెత్తబడతానని ప్రసాద్‌కి తెలుసు.

పది నిమిషాల్లో చక్రధర్ వచ్చి తలుపు వేశాడు.

"ఏంటండీ ఇది? నన్నొక్క మాట అడగాల్సింది కదా!"

"అడిగితే ఆగిపోయేవాణ్ణి బాబూ."

"గ్రాస్ లిస్ట్‌లో, సేఫ్ ఇంగ్రీడియెంట్స్ లిస్ట్‌లో ఉంది కదండీ. గవర్నమెంటే సేఫ్ అంటోంది."

"తినడానికి అంటోంది. ఆ ముక్క తీసేసింది నేనే. తప్పు నాది. నీమీద రాయలేదు, చూడు."

చక్రధర్ ఎదుటి కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. చెడ్డవాడు కాదు, చాలా అలిసిపోయిన మనిషి. "క్లయింట్ కాల్ చేశాడు. అకౌంట్ క్యాన్సిల్. పైవాళ్ళు... మీ బ్యాడ్జ్ తీసుకోమన్నారు ప్రసాద్ గారూ. హెచ్చార్ వాళ్ళు రేపు ఫోన్ చేస్తారు. సారీ అండీ."

ప్రసాద్ మెడలోంచి బ్యాడ్జ్ తీసి, తాడు చుట్టి, బల్ల మీద పెట్టాడు. "ఒక్క అరగంట ఇవ్వు. ల్యాబ్‌లో చిన్న పనుంది."

చక్రధర్ వద్దనలేదు. ఆ తర్వాత తనే వచ్చి అట్టపెట్టెలు మోశాడు. హుడ్ ఖాళీ అయింది, దుమ్ము తుడిచారు. ఇంద్రజ దూరంగా తలుపు దగ్గర నిలబడి చూసింది. మూత పెట్టిన గిన్నెనూ సీసాలనూ ప్రసాద్ ఒక్కొక్కటిగా లోపలికి మార్చి, స్విచ్ వేశాడు. ఫ్యాన్ మూలిగి, మూలిగి, తిరగడం మొదలుపెట్టింది. గోడ మీది పాత షీట్ చింపి కొత్తది అంటించాడు.

గది సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. స్టీలు గ్లాసు, అందులో మిగిలిన వాడని పట్టీలు, డబ్బా, స్వెటర్. నిలబడే ఇంటికి ఫోన్ చేశాడు.

"కుమారీ, ఇవాళ పప్పులో ఇంగువ వెయ్యి."

"ఇవాళ గురువారమండీ."

"తెలుసు. వెయ్యి."

 అవతల ఇంగువ డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. "ఎక్కువ వెయ్యనా?" అని అడిగింది ఆవిడ.

"వెయ్యి. ఇంటికొచ్చి అంతా చెబుతాను. మొక్కల సంగతి కూడా."

వెళ్తూ వెళ్తూ ల్యాబ్‌లో మళ్ళీ ఆగాడు. గ్లాసులోంచి వాడని తెల్లపట్టీ ఒకటి తీసి, హుడ్ అద్దం అంచుకు టేపుతో అంటించాడు. ఉద్యోగంలో మొదటి ఏడాది నుంచి అతనికున్న అలవాటది. "ఇది లోపలికి వంగి ఉందంటే హుడ్ గాలి లాగుతున్నట్టు. అంతసేపూ పని చేసుకో. నిటారుగా వేలాడితే సీసా మూసేసి బయటికొచ్చెయ్. ఎవరు ఏ షీట్ చూపించినా సరే," అన్నాడు. ఇంద్రజ తలూపింది. అతను గ్లాసు పట్టుకుని కారిడార్‌లోకి నడిచాడు.

కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది, కాసేపటికి హైవే హోరులో కలిసిపోయింది. ల్యాబ్‌లో దీపాలు ఆర్పేశారు, హుడ్ ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది. హుడ్ అద్దం అంచున, ఏ నంబరూ వెయ్యని ఆ కాగితపు పట్టీ సన్నగా వణుకుతూ లోపలికే వంగి ఉంది.