పోతానన్న మాట

మా మనుమరాలు అమూల్యకు మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, ఉద్యోగం పెరిగింది. మూడంతస్తుల బట్టల దుకాణంలో చీరలు చూపించే పిల్ల కాస్తా ఆ చీరల అంతస్తుకే ఇన్‌చార్జి అయింది. ఇక వేరే గది తీసుకుంది, ఆడపిల్ల పరాయి ఊళ్ళో ఒక్కతే ఎట్లా ఉంటుందని దాని నాయన, అంటే నా కొడుకు శ్రీపాల్, నన్ను లింగాల ఘనపూర్ నుంచి తోడు పంపాడు. తోడుకని వచ్చిన నాకే తోడు లేకుండా పోయింది. పొద్దున పోయిన పిల్ల దుకాణం కట్టేసేదాకా రాదు. వచ్చాక రెండు ముద్దలు తిని నడుం వాలుస్తుంది.

మాది మేడ మీద గది. కింద ఇంటివాళ్ళ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. రైలు పోతే కిటికీ అదురుతుంది. అది ఎటు పోయే రైలో అడుగుదామంటే మనిషి ఉండడు. నేనేమో మాట లేనిదే ముద్ద మింగలేని దాన్ని. కూరగాయల బండి అరుపు వినిపిస్తే మోకాళ్ళ నొప్పులు మరిచి మెట్లు దిగేదాన్ని. పావుకిలో వంకాయలకు అంతసేపు బేరమాడేది వంకాయల కోసమా? మాట కోసం.

ఒకరోజు జడ వేసుకుంటూ అమూల్య అంది, "అవ్వా, రేపటి నుంచి నాకు కోచింగ్ ఉంది."

"నౌకరి ఉండంగ మల్ల కోచింగేందే? ఎస్సై పరీక్ష రాస్తవా?"

నవ్వీ నవ్వీ దువ్వెన కింద పడేసింది. "పరీక్షల కోచింగ్ కాదవ్వా. నా కింద పనిచేసేటోళ్ళకు నేనే కోచ్ లెక్క ఉండాల్నట. జనగామ, భూపాలపల్లి దుకాణాల ఇన్‌చార్జీలు, నేను, అందరం ఫోన్లనే కోచింగ్ సార్ చెప్పేది ఇంటం."

"గదెంత పని? చీర మడత పెట్టుడు నేర్పుతవ్, అంతేనాయె."

"నేర్పుడే వద్దంటున్నడు సార్. గిట్ల చెయ్, గట్ల చెయ్ అనొద్దట. నువ్వేం చేద్దామనుకుంటున్నవని అడిగి, నోరు మూసుకోని ఇనాల్నట. తొవ్వ వాళ్ళకే దొరుకుతదట."

"చెప్పకుంటే ఇంక పెద్దరికమేందే?"

"నాకూ గదే కష్టమైతున్నది. అందుకే నీతోని ప్రాక్టీస్ చేస్త."

మర్నాటి నుంచి చాయ్ తాగే వేళకు ఫోన్ బోర్లా పెట్టి నా ఎదురుగా కూర్చునేది. "అవ్వా, ఇయ్యాల నీ మనసుల ఏమున్నది?" అని అడిగేది.

ఇన్నేళ్ళ బతుకులో నన్ను ఆ మాట అడిగిన వాళ్ళు లేరు. మా ఆయన మంచివాడే, కానీ "అన్నమైందా" అన్నది దాటి అడిగి ఎరగడు. ఇక నా నోటికి గండి పడింది. కట్టుతెంపుకొని చేలో పడ్డ బర్రె ముచ్చట, మా అత్త అలిగి గడ్డివాము వెనక కూర్చున్న ముచ్చట, అన్నీ చెప్పాను. ఇదివరకైతే "గా ముచ్చట చెప్పినవ్ తియ్ అవ్వా" అని తుంచేసేది. ఇప్పుడు తుంచడం లేదు. నేను ఆగితే తానూ ఆగి ఎదురుచూసేది. "అంటే నువ్వనేది గిట్లనా" అని నా మాటనే నాకు తిరిగి ఇచ్చేది. ఆ కాసేపటి కోసం నేను తెల్లారకముందే లేచి, ఏం చెప్పాలా అని పోగేసుకునేదాన్ని. తక్కిన పొద్దంతా ఆ కాసేపటికే ఎదురుచూపు.

అట్లా ఒక పొద్దున నా నోరు జారింది. "ఈడ పొద్దు పోతలేదు బిడ్డా. ఊరికి పోతనే నేను."

నిజంగా పోదామని అనలేదు. మా దిక్కు పోతానన్న మాటకు అర్థం వేరు. జఫర్‌గఢ్ నుంచి మా ఆడబిడ్డ వస్తే రోజూ పొద్దున్నే "పోత వదినా" అనేది. "ఏం పోతవ్, రేపు పో" అనేదాన్ని నేను. అట్లా రేపూ రేపూ అని మిరప కోతలు అయ్యేదాకా ఉండేది. ఉండమని ఇంకొకరి నోటితో అనిపించుకోవడానికే మావాళ్ళు పోతామంటారు.

అమూల్య మాత్రం నడుం నిటారుగా పెట్టి అడిగింది, "ఊరికి పోతే నీకేం మంచిగనిపిస్తదవ్వా?"

"నలుగురు మనుషులు కండ్లవడ్తరు."

"ఎప్పుడు పోదామనుకుంటున్నవ్?"

ఏదో ఒకటి చెప్పాలి కదా. "ఆదివారం" అన్నాను.

"దానికి నేనేం చెయ్యాలె?"

"బస్టాండుల దింపు, సాలు."

దాని ముఖం వెలిగిపోయింది. "చూసినవా అవ్వా! నేనొక్క ముక్క చెప్పలే. నీ తొవ్వ నువ్వే దొరకబట్టుకున్నవ్!"

ఆ శుక్రవారం మాత్రం ముఖం వేలాడేసుకొని వచ్చింది. తుల్సీబాయి అని ఆ దుకాణంలో ఏళ్ళ నుంచి చీరలు అమ్మే ఆమె పని మానేసిందట.

"కొత్త పోరి ఒకామె తుల్సక్కను గిరాకి ముంగటనే గద్దించింది. అక్కొచ్చి 'మానేస్త మేడం' అన్నది. నేను మంచిగనే అడిగిన, మానేసి ఏం చేద్దామనుకుంటున్నవక్కా అని. మిషిన్ కుడత అన్నది. సరే నీ ఇష్టం అన్న. రెండొద్దులాయె, వస్తనే లేదు. ఏడ తప్పు చేసిన్నో సమజైతలేదవ్వా."

"మానేస్త అన్నది మాననీకా, పిచ్చిదానా? ఏం పోతవక్కా, కూసో అని నువ్వంటవని."

"మన మాట వాళ్ళ మీద రుద్దొద్దన్నడు సార్."

"రుద్దకు. నువ్వు నాకు కావాలె అని చెప్పు. రుద్దుడు, కావాలనుడు ఒకటేనా?"

అమూల్య ఫోన్ తీసింది. "తుల్సక్కా, ఏం పోతవక్కా? నువ్వు లేకుంటే నాతోని కాదు. జర రా." అవతలి గొంతు నాకూ వినిపించింది. "గీ ముక్క మొన్ననే అంటే నీ సొమ్మేం పోయేది మేడమూ? రేపొస్త తియ్."

అమూల్య గంతేసి నన్ను వాటేసుకుంది. తుల్సీబాయి మాట తెలిసిన పిల్లకు అవ్వ మాట తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

"అవ్వా, నీ మోకాళ్ళ నొప్పుల గోలీలు సంచిల పెట్టుకున్నవా? ఎల్లుండి పొద్దుగాలనే బస్సు" అంది.

నన్ను ఉండమనవే అని నేనే అనొచ్చు. కానీ అడిగి అనిపించుకున్న 'ఉండు', 'ఉండు' కాదు. పైగా అవ్వ ఇష్టాన్ని మన్నించానని ఆ పిల్ల ఎంత మురుస్తోందో! ఆ మురిపెం మీద నీళ్ళు చల్లబుద్ధి కాలేదు.

ఆదివారం స్కూటీ మీద దింపింది. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టింది. "ఇంకేమన్న చెప్పేదున్నదా అవ్వా?" అని అడిగి, సార్ నేర్పినట్టే, కళ్ళలోకి చూస్తూ ఓపికగా ఎదురుచూసింది.

"పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పాను.

బస్సు ఊరు దాటాక పక్క సీటు ఆమె పలకరించింది. "యాడికవ్వా?"

"జనగామ దిక్కు. కొడుకింటికి. మనుమరాలి కాడ ఉండి వస్తున్న."

"ఎట్ల పోనిచ్చిందమ్మా మనుమరాలు?"

"యాడ పోనిచ్చిందే! ఉండవ్వా, నువ్వు లేకుంటే నాకు బువ్వ సయించదని ఒకటే ఏడ్సుడు. కొంగు వట్టుకోని ఇడువకపాయె. నేనే గుంజుకోని వచ్చిన." చెబుతుంటే మాట మీద మాట దానంతటదే వచ్చింది.

"గంతగనం బతిమిలాడంగ ఎట్లొస్తివే? ఇంక నాలుగొద్దులు ఉండరాదు?"

కొంగుతో ముఖం తుడుచుకొని కిటికీ వైపు తిరిగాను.

"ఉండేదుండె బిడ్డా" అన్నాను.