పెద్దదొకటా, చిన్నవి రెండా

స్టెల్లస్ పడవ ఎప్పుడూ ఆఖర్న వచ్చేది. మనిషికి ఒళ్ళు బద్ధకమేం కాదు. పది హార్స్‌పవర్ మోటారు ఎంత గొంతు చించుకున్నా పది గుర్రాలే కదా! అది ఒడ్డు పట్టేసరికి ఐసు లారీలు నిండిపోయి ఉండేవి. ఇసకలో గంప పెట్టుకుని గంటల తరబడి నిలబడ్డ అతని పెళ్ళాం జెర్మీనాకి దక్కేది ఎండుచేపల వాళ్ళు విదిలించే ధర.

"ఏమే జెర్మీనా, మీ ఆయన ఇవాళ్టి చేప తెస్తాడా, రేపటిదా?" అనేవాళ్ళు పక్క గంపల ఆడవాళ్ళు.

జెర్మీనా ఊరుకునే రకమా! "మీ ఆయనలా ఉత్త వల తెచ్చేటట్టయితే మా ఆయనా ముందే వచ్చేవాడే" అని దులిపేసేది. కానీ లోపల ఒళ్ళు మండిపోయేది. ఆ మంటంతా ఇంటికెళ్ళాక మొగుడి మీద చల్లారేది.

ఆ ఏడు వానలు పట్టేముందు స్టెల్లస్ మోటార్లలో ఒకటి పూర్తిగా చేతులెత్తేసింది. ఆ తీరంలో ఏ పడవకైనా అమరం చెక్కకి, అంటే వెనకవైపు పలకకి, రెండు మోటార్లు ఉండాల్సిందే. ఒకటి తిరుగుతుంటే రెండోది పైకెత్తి ఉంటుంది. మొదటిది మొరాయించిందా, రెండోదాన్ని నీళ్ళలోకి దించి తాడు లాగడమే. తాతలు తెరచాపలు దించేసి మోటార్లు పెట్టిన నాటినుంచీ అంతే.

"మళ్ళీ పదిదే తెస్తా" అన్నాడు స్టెల్లస్, ఉడికిన కర్రపెండలం చేపల పులుసులో అద్దుకుంటూ.

"తే. తెచ్చి మేరీమాత పటం ముందు పెట్టుకో. సముద్రంలోకి దేనికి, పాపం, అలిసిపోతుంది!"

పక్కన తింటున్న ప్రెడిస్ పక్కున నవ్వాడు. స్టెల్లస్ తమ్ముడు, అన్న పడవలోనే పని. "వదిన చెప్పేది నిజమే అన్నా. ఉన్నవి రెండూ షాపులో పడేసి ఇరవై ఐదుది ఒకటి తెచ్చేద్దాం. మనమే ముందు."

"దాని బరువెంతో తెలుసట్రా నీకు? దాని పక్కన ఇంకోటి తగిలిస్తే అమరం నీళ్ళలోకి కుంగిపోతుంది. వెనకనుంచి కెరటమొస్తే తిన్నగా ఒళ్ళోకే. అంటే ఆ ఒక్కదాంతోనే పోవాలి."

"కొత్తది ఎందుకాగుద్ది?"

"మోటారు ఆగదురా. సముద్రం ఆపుద్ది."

జెర్మీనా గరిటె గిన్నెలో గిరాటేసింది. "ఇరవై ఐదులు పెట్టుకున్నోళ్ళంతా మునిగిపోయారా ఏంటి? భయమని చెప్పు, సరిపోద్ది. ఇంత పిరికివాడివని తెలిస్తే మా నాన్న నన్ను ఏ కొబ్బరితోటలో పనిచేసేవాడికో ఇచ్చేవాడు."

తమ్ముడి ముందు ఆ మాట. స్టెల్లస్ పళ్ళెం పక్కకి తోసేశాడు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే పాతవి రెండూ పోయి ఇరవై ఐదు గుర్రాలది ఒక్కటే వచ్చింది. ఫాదర్ వచ్చి పవిత్ర జలం చల్లాడు. మెడలో మల్లెపూల దండతో అమరం మీద అది కొత్త పెళ్ళికొడుకులా నిక్కుతూ కూచుంది.

ఇక చూడాలి జెర్మీనా వైభోగం! అందరికంటే ముందు వాళ్ళ పడవే. తళతళలాడే కానాగంత చేపలకి వేలంపాటగాళ్ళు ఆమె చుట్టూ మూగేవాళ్ళు. "ఏం తల్లీ, వెనక పడవలు ఇంకా బయల్దేరలేదా?" అని పక్కవాళ్ళని ఆమే దెప్పేది. స్టెల్లస్ మాత్రం ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి ఒడ్డుకొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట. ఆ సంగతి ప్రెడిస్ నవ్వుతూ చెబితే ఆమె కూడా నవ్వింది.

వానలు ముదిరాయి. ఆ పొద్దున్నా ముందొచ్చింది స్టెల్లస్ పడవే. మొగ దగ్గర రెండు పక్కలా రాళ్ళ గోడలు, మధ్యలో ఉడికే నీళ్ళు. పడవ వాటి నడుమకి వచ్చింది. జెర్మీనా అప్పటికే గంప నెత్తికెత్తుకుంది. మోటారు మోత ఠక్కున ఆగిపోయింది.

ఎవరో పారేసిన వలపీలిక. నీళ్ళలో తిరిగే మోటారు ఫ్యానుకి చుట్టుకుంది. స్టెల్లస్ కత్తితో అమరం మీదికి వంగడం ఒడ్డునుంచి కనిపిస్తూనే ఉంది.

"రెండోది దించు!" అని అరిచాడో ముసలాయన. అలవాటు కదా, ఒడ్డంతా అందుకుంది. "రెండోది దించరా! రెండోది!"

జెర్మీనా ఒక్కతే అరవలేదు. గంప ఎప్పుడు పడిపోయిందో ఆమెకి తెలీదు. పెద్ద కెరటం పడవని అడ్డంగా ఎత్తి రాళ్ళ మీద కొట్టింది. ప్రెడిస్ రాళ్ళు పట్టుకుని, విరిగిన చేత్తో పైకి పాకాడు. స్టెల్లస్ సాయంత్రానికి అవతలి ఒడ్డున దొరికాడు. అయ్యో, ముఖం గుర్తుపట్టేలా కూడా లేదు.

ఏడోనాటి ప్రార్థన అయ్యాక వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్ళు పాలులేని టీ తాగుతున్నారు. ప్రెడిస్ చేతికి కట్టుంది. మెల్లగా అంటున్నాడు: "ఇరవై ఐదు చాల్లేదు. నలభై అయ్యుంటే ఆ పీలిక తగిలేలోపే మొగ దాటేసేవాళ్ళం. చెయ్యి కూడుకోగానే నలభైదే చూస్తా."

"మరే" అన్నారు ఇద్దరు ముగ్గురు.

లోపలినుంచి జెర్మీనా వచ్చింది. వచ్చి ప్రెడిస్ చొక్కా పట్టుకుంది. "చిన్నవి రెండు పెట్టుకోరా. నీ కాళ్ళు పట్టుకుంటా. మీ అన్న వద్దు వద్దన్నాడు. పిరికివాడని నేనే ఎగదోశా. నేనే చంపుకున్నా."

ప్రెడిస్ కళ్ళు నీళ్ళతో నిండాయి. బాగున్న చేత్తో ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాడు.

"ఊరుకో వదినా. పెద్దది కొనమనడం నీ తప్పా? ఇంకొంచెం పెద్దది కొనమనాల్సింది, అంతే."

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా అవునన్నట్టు తలలూపారు. ఎవరో ఆమెకి కూడా ఒక గ్లాసు టీ తెచ్చి చేతిలో పెట్టారు.