పుట్టీ కింది తుప్పు

వెంకటనర్సయ్య ఇరవై ఏళ్లు యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంటు పికప్ వ్యాన్ నడిపాడు. మొక్కల సేకరణకు ప్రొఫెసర్ అమ్మాజీని అందులోనే అడవులన్నీ తిప్పాడు. ఇద్దరూ రిటైరయ్యారు. మూలపడ్డ ఆ బండిని ఆమె వేలంలో కొని, తార్నాకలో ఒక షెడ్డులో బాగుచేయిస్తూ ఆయన్ను పిలిపించింది.

"తలుపులు ఎంత నున్నగా వచ్చాయో చూడండి నర్సయ్యగారూ," అని నాలుక కరుచుకుంది. ఆయనకిప్పుడు చూపు ఆనదు.

వెంకటనర్సయ్య నవ్వి, వేలి కణుపులతో రేకును కొడుతూ బండి చుట్టూ తిరిగాడు. ఖంగుమంటున్న చప్పుడు ఎడమ తలుపు అడుగున మొద్దుబారింది.

"మేడం, గీడ పుట్టీ పెట్టి కప్పిన్రు. లోపల జంగు అట్లనే ఉన్నది."

షెడ్డు మేస్త్రీ కాదన్నాడు. అమ్మాజీ గీకమంది. పుట్టీ రాలితే, తుప్పు తిన్న రేకు జల్లెడలా కనిపించింది. మేస్త్రీ ఆ ముక్క కోసేసి కొత్త రేకు అతికించాడు.

పది రోజులకు బండి సిద్ధమైంది. వెంకటనర్సయ్య అలవాటుగా డ్రైవర్ తలుపు మీద చెయ్యివేసి, గుర్తొచ్చి ఆగిపోయాడు. మెల్లగా వెనక తొట్టివైపు నడిచాడు.

"అక్కడెందుకు? నా పక్కన కూర్చోండి," అంది అమ్మాజీ. "ఇన్నేళ్లు దారి మీరు చూశారు. ఇవాళ నేను చూస్తాను."

క్యాంపస్ రోడ్డు మీద చెట్ల గాలి మొహానికి తగులుతుంటే ఆయన హాయిగా వెనక్కి వాలాడు.

"మేడం, క్లచ్ మీదికెళ్లి కాలు తియ్యుండ్రి," అన్నాడు కాసేపటికి. "ఇంజను ఉత్తగనే అరుస్తున్నది."

ఆమె నవ్వుతూ కాలు తీసింది.