ఉంగరానికి చిక్కిన జడ

చనిపోయే ముందు ఆదివారం అమ్మమ్మ కెజియాని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని తలంతా సన్న జడలు అల్లింది. నెత్తికి అంటుకుని, చాళ్లలాగా చెవుల వెనక్కి వంగి పోయే జడలు. వేళ్లు లాగేస్తుంటే మధ్యమధ్య ఆగి ఊదుకుంది.

"కదలకే! నా చేతిలో ఉన్నంతసేపూ ఈ తల నీది కాదు, నాది" అని దువ్వెనతో చెవి మీద తట్టింది.

ఇప్పుడు ఆ చేతులు మట్టిలో ఉన్నాయి. జడలు మాత్రం అలాగే ఉన్నాయి. దురద పెడుతున్నా కెజియా విప్పనివ్వలేదు. రాత్రిళ్లు పట్టుగుడ్డ చుట్టుకుని బోర్లా పడుకుంటోంది. అమ్మమ్మ చేతిపనీ చేతివాసనా ఇంక ఈ జడల్లోనే మిగిలాయి.

ఖననం అయ్యాక అందరూ తమ నల్లవాళ్ల చర్చి వెనక హాల్లో భోజనాలకి కూర్చున్నారు. అమెరికా దక్షిణాన జార్జియా ఎండకి ఫ్యాన్లు కూడా వేడిగాలే విసురుతున్నాయి. నలుగురిలో మాట్లాడాలంటే కెజియాకి గొంతు పెగలదు. అందుకే ఐస్ టీ పోసే పని అడిగి తీసుకుని ఓ మూల నిలబడింది.

అప్పుడొచ్చింది మిసెస్ ప్రూయిట్. తెల్లావిడ, అమ్మమ్మ వంట చేసిన బడికి కమిటీ పెద్ద. కెజియా ఆవిణ్ణి చూడటం అదే మొదలు. చేతిలో వేయించిన కోడికాలు. ఎముక చీకి, వేళ్లు ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని నాకి, "అయ్యో, ఈ జడలెంత ముద్దుగా ఉన్నాయో! పట్టుకుని చూడొచ్చా?" అంది.

కెజియా ఊ అనకముందే చెయ్యి తల మీద పడింది.

తడి వేళ్లు. వెచ్చగా, జిగటగా, ఎంగిలితో. పాపిడి వెంట జారుతూ, బట్టల కొట్లో గుడ్డ నాణ్యం చూసినట్టు జడని నలుపుతున్నాయి.

"గొర్రె బొచ్చులా గరుగ్గా ఉంటుందనుకున్నా, మెత్తగానే ఉందే! జూన్, నువ్వూ రా, పట్టుకుని చూడు!" అని స్నేహితురాలిని పిలిచింది.

పక్కన రూఫస్ మామయ్య కెజియా చెవిలో గొణిగాడు. "ఓర్చుకో తల్లీ. ఇవాళ గొడవొద్దు. పెద్దావిడ."

ఓర్చుకునేదేమో. కానీ ప్రూయిట్ చెయ్యి వెనక్కి తీసుకోబోతే రాలేదు. ఉంగరంలో రాయిని పట్టి ఉంచే కొక్కేనికి జడ చిక్కుకుంది.

"ఏం కాదు, ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది." నవ్వుతూనే గుంజింది. నెత్తి మీద చర్మం పైకి లేచింది.

కెజియా ఆవిడ మణికట్టు పట్టుకుంది. తన చేతికీ ఆ కొవ్వు అంటింది.

"గుంజకండి. ఉంగరం తీసెయ్యండి."

తన గొంతు ఇంత గట్టిదని ఆ పిల్లకే తెలీదు. హాలంతా ఇటు తిరిగింది.

"అయ్యో, మెచ్చుకున్నాను కదమ్మా! దానికింత కోపమా?"

"నన్ను అడిగారు. నేను ఊ అనలేదు. తియ్యండి."

ఉబ్బిన వేలి నుంచి ఉంగరం రావడానికి చాలాసేపు పట్టింది. అది జడకి వేలాడుతుండగానే వెర్నెల్ పిన్ని కెజియాని వంటగదిలోకి తీసుకుపోయి, చేతులు కడుక్కుని, జడ కొసనుంచి విప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ బిగించిన అల్లిక ఒక్కో మెలికా వదులైంది. ఉంగరం ఊడొచ్చింది.

"ఇదొక్కటి మళ్లీ అల్లనా బంగారం? మా అమ్మంత బిగువు నాకు రాదు గానీ, చూస్తే తెలీదులే."

కెజియా విడిపోయిన పాయని ముక్కు దగ్గర పెట్టుకుంది. కోడి కొవ్వు, ఎంగిలి. పక్క జడా అదే వాసన, దాని పక్కదీ అదే.

"అన్నీ విప్పి కడిగెయ్ పిన్నీ."

"అన్నీనా? మా అమ్మ వేసినవే తల్లీ!"

"అమ్మమ్మ వాసన పోయింది. ఆ ప్రూయిట్ నోటి కంపే వస్తోంది."

పిన్ని కుర్చీ లాక్కుని విప్పుతూ కూర్చుంది. పైకి ఏడవలేదు గానీ కెజియా మెడ మీద రెండు చుక్కలు పడ్డాయి.

"ఇక్కడ గిన్నెల సబ్బే ఉంది. జుట్టు ఎండుగడ్డిలా అయిపోతుందే."

"అవనీ."

కుళాయి కింద తల వంచి ఉండగా గుమ్మం దగ్గర గొంతు వినిపించింది. "నా ఉంగరం... అయ్యయ్యో, విప్పితే ఇంత ఒత్తా!"

కెజియా తలెత్తింది. మొహం మీద నురగ, దాని వెనక కళ్లు. ప్రూయిట్ చెయ్యి అప్పటికే సగం పైకి లేచి ఉంది.

"బల్ల మీదుంది మీ ఉంగరం. కడుక్కుని పెట్టుకోండి" అంది కెజియా. "నా తల మీద మాత్రం ఇంకోసారి చెయ్యి పడకూడదు."

ఆవిడ ఉంగరం తీసుకుని వెళ్లిపోయింది, కడుక్కోకుండానే.

"ఛీ" అని పిన్ని ఇంకాస్త సబ్బు పోసింది.