ఖాళీ తూటా

తింకారా అనే అమ్మాయి వేటగాళ్ళ పరీక్ష పాసై మూడు వారాలైంది. లైసెన్సు కూడా చేతికొచ్చింది. రైఫిల్ మాత్రం ఇంకా రాలేదు, ఏ తూటా కాల్చేది కొనాలో తేలక. కొనేది ఒక్కటే. చిన్న జింకకూ, బండల మీద గెంతే కొండమేకకూ, మొక్కజొన్న చేలు తొక్కేసే అడవిపందికీ, శరదృతువులో లోయంతా మారుమోగేలా అరిచే దుప్పికీ అదే పనికి రావాలి. సోమవారం తొల్మిన్ పట్నంలో తుపాకుల కొట్టువాడికి మాట చెప్పాలి.

ఆమె బెంగ వేరు. పడిన జంతువు నోట్లో పచ్చటి రెమ్మ పెడతారు వాళ్ళ కొండల్లో. చివరి ముద్ద అంటారు. పొట్టలో తూటాతో పొదల్లోకి పారిపోయి, ఎక్కడో మూలుగుతూ చచ్చే జంతువుకి ఆ ముద్ద ఎవరు పెడతారు? తన వల్ల అలాంటిది జరగకూడదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో సలహాలకి కొదవ లేదు.

"మేగ్నమ్ కొనవే పిల్లా, అన్నిట్లోకీ బలమైన తూటా! ఆ కొండ మీది దుప్పి ఈ కొండ మీంచే పడుతుంది," అన్నాడు మేనమామ వింకో.

"మీ మావయ్య మాట వింటే దుప్పితో పాటు కొండా పడుతుంది," అన్నాడు తాతయ్య అంబ్రోజ్. "నా ఎనిమిది మిల్లీమీటర్లది చాలదూ? నలభై ఏళ్ళుగా ఏ జంతువుకీ తక్కువైంది లేదు."

తాతయ్య చలికాలమంతా తన బల్ల ముందు కూర్చుని, ఆ కొలత తూటాలు నూట ఇరవై తయారుచేశాడు. పెట్టె మీద ఆమె పేరు రాసి ఉంచాడు కూడా.

శనివారం వేట సంఘం వాళ్ళంతా రైఫిళ్ళు సరిచూసుకోవడానికి మైదానంలో చేరారు. వింకో తన మేగ్నమ్ ఆమె చేతికిచ్చాడు. మొదటి దెబ్బకి భుజం అదిరింది. రంధ్రం గురి కాగితం అంచున పడింది. రెండోది కాగితానికే తగల్లేదు.

"ఆడపిల్లవి కదా, అలవాటవుతుందిలే," అన్నాడు వింకో. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

తాతయ్య ఆ మేగ్నమ్ తీసుకుని, అటు తిరిగి ఏదో చేసి, మళ్ళీ ఇచ్చాడు. ఆమె గురిపెట్టి నొక్కింది. టిక్. పేలలేదు. కానీ గొట్టం కొన ఎవరో పట్టి లాగినట్టు కిందికి దిగింది.

తాతయ్య లోపలి తూటా తీసి చూపించాడు. మందు లేని ఖాళీ తూటా.

"చూశావా తల్లీ? తుపాకీ తన్నకముందే నీ భుజం ముడుచుకుంది. తప్పు కంటిది కాదు."

వింకో పకపకా నవ్వాడు.

"నువ్వూ రారా, వింకో," అన్నాడు తాతయ్య.

వింకో ధీమాగా పడుకుని కాల్చాడు. మొదటిది పేలింది. రెండోది టిక్‌మంది. గొట్టం కింద ఆనించిన ఇసక మూటకి ముద్దుపెట్టినంత పని చేసింది.

"దుప్పి బతికిపోయిందిరోయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. వింకో లేచి, దుమ్ము లేని మోకాళ్ళు కూడా దులుపుకున్నాడు.

తర్వాత తింకారా చేతికి తాతయ్య రైఫిల్ వచ్చింది. టిక్. కొన కొంచెమే దిగింది, కానీ దిగింది. తాతయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

సంఘంలో కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి ఉంచిన రైఫిల్ ఒకటుంది. మూడు వందల ఎనిమిది అనే రకం తూటా దానిది, తన్ను కాస్త తక్కువ. టిక్. కొన కదల్లేదు. మళ్ళీ టిక్. కదల్లేదు. ఆ తర్వాత నిజం తూటాలు మూడు కాల్చింది. మూడు రంధ్రాలూ ఒక్క రేగుపండు కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

"ఏదే మరి?" అన్నాడు వింకో.

అంతమందీ తింకారా వైపే చూస్తున్నారు. తన పేరు రాసిన పెట్టె తాతయ్య సంచిలోంచి తొంగి చూస్తోంది.

"మూడు వందల ఎనిమిది," అంది.

"కొండమేక దూరాన నిలబడితేనో?"

"ఇంకాస్త దగ్గరికి పాకుతా, మావయ్యా."

ఈసారి వింకోనే ముందు నవ్వాడు.

ఇంటికి నడుస్తూ ఆమె మెల్లగా అడిగింది. "కోపమా తాతయ్యా? అన్ని తూటాలు చేశావు..."

"నీ ముద్ద దక్కని జంతువు ఉండకూడదు, అంతేగా?"

ఆమె ఆగిపోయింది. చెప్పకుండానే ఎలా తెలిసింది?

తాతయ్య వేళ్ళు మడుస్తూ లెక్కేస్తున్నాడు. "ఇక ఇవి నావే. ఏడాదికి నాలుగు కాలుస్తాను. నూట ఇరవై అంటే ముప్పై ఏళ్ళు. ఇప్పుడు నాకు డెబ్భై ఒకటి." సంచి భుజం మార్చుకున్నాడు. "నూరు దాటాల్సిందేనే. పద, ఆకలేస్తోంది."